నెల్లూరులో ఫ్యాషన్ డిజైన్ కాన్సెప్టు కోర్సు: గుడ్డ దగ్గర గట్టిది, బేరం దగ్గర పలచనిది

నెల్లూరులో కుట్టుపని నేర్పే చోట్లకు కొదవ లేదు. బాలాజీనగర్ నుంచి వేదాయపాళెం దాకా ఏ వీధిలో నడిచినా మగ్గం వర్కు, జాకెట్టు కటింగు, చుడీదార్లు నేర్పబడునని రాసిన బోర్డు ఒకటైనా కంటబడుతుంది. అయితే మనసులో మెదిలిన ఒక ఊహను పట్టుకొని దాన్ని ఏడెనిమిది దుస్తుల వరుసగా ఎలా పెంచాలో, అలా పెంచినదాన్ని కొనేవారి ముందు పెట్టి ఎలా ఒప్పించాలో నేర్పే చోటు కావాలంటే మాత్రం నిన్నమొన్నటి వరకు చెన్నై రైలో హైదరాబాదు రైలో ఎక్కవలసి వచ్చేది. 1986లో ఢిల్లీలో మొదలైన నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) 1995లో ఆ రెండు నగరాల్లోనూ కేంద్రాలు తెరిచింది కనుక, ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్లు అక్కడే ఉండి చదవగలిగిన పిల్లలకు దారి ఉంది. సొంత దుకాణం నడుపుకుంటూ, ఇంటినీ మిషన్లనూ వదిలి పోలేనివారికే దారి లేదు. అలాంటివారి కోసమేనని చెబుతూ మాగుంట లేఅవుట్‌లో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం ఫ్యాషన్ డిజైన్ కాన్సెప్టు, ప్రెజెంటేషన్ పేరిట శని, ఆదివారాల్లో ఆరు నెలల కోర్సు నడుపుతోంది. ఆ కోర్సు పూర్తి చేసిన బొటిక్ యజమానురాలిగా దాని మంచి చెడులు ఇక్కడ రాస్తున్నాను. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నందువల్ల కేంద్రం పేరు పెట్టడం లేదు. ఏ ఊళ్లో ఇలాంటి కోర్సులో చేరబోయేవారికైనా ఏం చూసుకోవాలో తెలియాలన్నదే నా ఉద్దేశం.

ఫీజు 32,000 రూపాయలు, రెండు వాయిదాల్లో కట్టవచ్చు. బ్యాచికి పన్నెండు మందిని మించి తీసుకోరు. మా బ్యాచిలో డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిలు, పెళ్లి జాకెట్లు కుట్టే నాబోటి బొటిక్‌ల వాళ్లు, పాటూరు నేతగాళ్ల ఇంటి అబ్బాయి ఒకరు, కావలి నుంచి వచ్చే టైలరు మాస్టరు ఒకరు ఉన్నారు. ప్రధాన శిక్షకురాలు చెన్నైలోని ఎగుమతి దుస్తుల కంపెనీల్లో చాలాకాలం మర్చండైజరుగా (ఆర్డర్లు, సరుకు, ధరలు చూసే ఉద్యోగిగా), ఆ తర్వాత ప్యాట్రన్ (కటింగు నమూనాల) విభాగంలో పనిచేసి వచ్చిన మనిషి. మేమంతా ఆమెను మేడం అనే పిలిచేవాళ్లం. ఆమె పెద్దవాళ్లను అమ్మా, అన్నా అని, చిన్నవాళ్లను పేరు పెట్టి పిలిచేవారు. కటింగు, కుట్టు ముందే వచ్చి ఉండాలని ప్రకటనలో స్పష్టంగా రాశారు గాని, చేర్చుకునేటప్పుడు ఎవరినీ ఒక జేబు కూడా కుట్టి చూపించమని అడగలేదు. దాని ఫలితం తరువాత తరువాత తెలిసింది: మిషన్ ఎక్కడం రాని ఇద్దరు ముగ్గురికి నమూనాలు కుట్టించడంలోనే కొన్ని మధ్యాహ్నాలు గడిచిపోయాయి, మిగిలినవాళ్లం చేతులు ముడుచుకొని కూర్చున్నాం.

మొదటి నెలంతా పెన్సిలు ముట్టనివ్వరు. స్టోన్‌హౌస్‌పేటలోనో చిన్నబజారులోనో తిరిగి అరమీటరు చొప్పున రకరకాల గుడ్డలు తెచ్చుకోమంటారు: మల్ కాటన్, పాప్లిన్, లినెన్, జార్జెట్, షిఫాన్, క్రేప్, ముడి పట్టు. తెచ్చిన ప్రతి ముక్కనూ తూచి చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో రాయాలి. ఒక మూల పట్టుకొని వేలాడదీసి ఎలా జారుతోందో చూడాలి. నిలువు పోగు వెంట, అడ్డ పోగు వెంట, క్రాస్‌లో (ఏటవాలుగా) లాగి ఎటు ఎంత సాగుతోందో గమనించాలి. తడిపి ఆరబెట్టి ఎంత కుంచించుకుపోయిందో కొలవాలి, ఇస్త్రీ చేసి మడత ఎంతసేపు నిలుస్తోందో చూడాలి. ఇదంతా ఒక లావుపాటి నోటుపుస్తకంలో ముక్క అంటించి పక్కనే రాసుకోవాలి. బొమ్మలు గీయడానికి వచ్చాం గాని తూకాలు వేయడానికి కాదని కొందరు విసుక్కున్నారు. నా దృష్టిలో మాత్రం కోర్సు మొత్తంలో చేతికి దక్కిన విలువైన వస్తువు ఆ నోటుపుస్తకమే. కాగితం మీద జార్జెట్‌కు నిలబడే కాలరు గీసి, కుట్టే రోజున బిగువు కోసం లోపల కాన్వాసు మీద కాన్వాసు అతికించి, చివరికి జార్జెట్‌లో ఉన్న జార్జెట్‌తనాన్నే చంపేయడం మన బొటిక్‌లలో రోజూ జరిగే పని. గుడ్డ ఏం చేయగలదో ముందు తెలిస్తే ఊహ దాని వెంట నడుస్తుంది.

ఈ పద్ధతికి మేడం ఒక చరిత్ర కూడా చెప్పారు. 1912లో పారిస్‌లో సొంత సంస్థ తెరిచిన మడెలీన్ వియోనే దుస్తులను ముందుగా కాగితం మీద కాక, చిన్న చెక్క బొమ్మ మీద గుడ్డను చుట్టి చూసుకుంటూ రూపొందించేదట. గుడ్డను ఏటవాలుగా తిప్పి వాడడంలో 1920ల నాటికి ఆమెకు మించినవారు లేరు. మన దర్జీలు క్రాస్ కటింగు జాకెట్టు అని కుట్టేదానిలో ఉన్నదీ ఆ సూత్రమే: క్రాస్‌లో తిప్పిన గుడ్డ సాగుతుంది, ఒంటికి ఒదిగిపోతుంది. కావలి మాస్టరు వెంటనే, "ఇది మేం ఎప్పట్నుంచో వేస్తున్నదే గదా మేడం," అన్నారు. "వేస్తున్నారన్నా, జాకెట్టు ముందు భాగానికి మాత్రమే వేస్తున్నారు. గౌను మొత్తం క్రాస్‌లో కత్తిరించి ఒక రాత్రి వేలాడదీయండి, అంచు ఎక్కడెక్కడ ఎంత దిగిందో రేపు చెప్పండి," అన్నారు ఆమె. మరునాడు ఆయన తెచ్చిన గౌను అంచు ఒక పక్క రెండు వేళ్లు, ఇంకో పక్క నాలుగు వేళ్లు దిగి ఉంది. క్రాస్ గుడ్డను వేలాడదీయకుండా అంచు మడవకూడదన్న నియమాన్ని ఆ తర్వాత ఎవరికీ మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

రెండో నెలలో అసలు విషయం మొదలవుతుంది. కాన్సెప్టు అనగానే అందరూ ఫోన్లు తీసి పింటరెస్ట్‌లో నచ్చిన గౌన్లను, లెహంగాలను ఏరి ఒక పేజీలో పేర్చడం మొదలుపెడతారు. ఇక్కడ అది చెల్లదు. మూడ్‌బోర్డులో (ఊహకు ఆధారమైన ఫోటోలు, రంగులు, ముక్కలు పేర్చిన బోర్డులో) ఎవరో కుట్టిన దుస్తుల ఫోటో ఒక్కటి కూడా ఉండకూడదన్నది మేడం పెట్టిన మొదటి షరతు. రెండో షరతు, ఎంచుకున్న విషయం మీరు వెళ్లి చేత్తో ముట్టుకోగలిగినదై ఉండాలన్నది. ఈ రెండో షరతు కొంచెం కఠినమే. మనసులోని భావాన్నో పాత జ్ఞాపకాన్నో ఆధారం చేసుకొని గొప్ప దుస్తులు చేసినవారు లేకపోలేదు. కానీ కొత్తగా నేర్చుకునేవారు ఆకాశంలో తేలిపోకుండా నేల మీద నిలబడడానికి అది పనికొచ్చిందని ఒప్పుకోక తప్పదు. ఎలా పనికొచ్చిందో చెప్పడానికి మా బ్యాచిలో అల్లూరు వైపు నుంచి వచ్చే అమ్మాయి చేసిన పనిని కొంచెం వివరంగా చెబుతాను.

ఆ అమ్మాయి ఇసకపల్లి ఉప్పు కొటార్లను ఎంచుకుంది. మొదట తెచ్చిన బోర్డులో సాయంత్రపు ఎర్రటి ఆకాశం, తెల్లటి ఉప్పు కుప్పలు, ఎగిరే కొంగలు ఉన్నాయి. గోడకు తగిలించుకుంటే బాగానే ఉంటుంది. మేడం దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో కుట్టగలిగింది ఏముందమ్మా?" అని మాత్రం అడిగారు. తరువాతి వారం ఆమె టేపు, నోటుపుస్తకం పట్టుకొని మళ్లీ వెళ్లింది. ఈసారి తెచ్చిన ఫోటోలన్నీ నేలకు వంగి దగ్గరగా తీసినవి: మడికీ మడికీ మధ్య మట్టి గట్లు, తొక్కి తొక్కి గట్టిపరచిన మడి అడుగు, అంచుల దగ్గర సన్నగా పేరుకున్న ఉప్పు పొర, కుప్పల మీద కప్పిన తాటాకులు. ఉప్పునీరు చిక్కబడే కొద్దీ మడుల రంగు మారుతుంది కనుక, పలచని నీటి మడి నుంచి చిక్కటి మడి దాకా వరుసగా రంగులు రాసుకొచ్చింది: బూడిద, పాచి ఆకుపచ్చ, బురద గోధుమ, చివర మడుల్లో కనిపించే వెలిసిన ఇటుక రంగు, గట్టు మీద ఉప్పు తెలుపు.

ఇక్కడి నుంచి జరిగినదంతా తీసివేత. అయిదు రంగుల్లో ఏది లేకపోయినా ఉప్పు మడి ఉప్పు మడిలాగే కనిపిస్తుందో దాన్ని తీసేయమన్నారు; పాచి ఆకుపచ్చ పోయింది. గట్టు, తాటాకు కప్పు, రెండూ ఒకే వరుసలో కొట్లాడుకుంటాయి కనుక ఒకదాన్ని పెద్దగా, రెండోదాన్ని అసలు లేకుండా చేయమన్నారు. తాటాకుల మీద మోజుపడి అప్పటికే గీసుకున్న మడతల కేప్ (భుజాల మీద వేసుకునే పైవస్త్రం) పోయింది, ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగిలింది గట్టు. గట్టును గుడ్డ మీద ఎలా తేవాలన్నది తరువాతి ప్రశ్న. మల్ కాటన్ మీద సన్నని పిన్‌టక్కులు (గుడ్డను మడిచి కుట్టే సన్నటి గీతలు) వేసి చూసింది; ఒకసారి ఉతికేసరికి అవి పక్కకు వాలిపోయాయి. లోపల తాడు పెట్టి పైపింగు వేసింది. పలచటి గుడ్డ తాడు బరువుకు లాగుకుపోయి ముడతలు పడింది. చివరికి జీన్స్ ప్యాంట్ల పక్క కుట్టులాగా రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి పైన రెండు వరుసలు కుట్టే పద్ధతి పట్టుకుంది. అది ఉతికినా నిలబడింది, లోపలి వైపు కూడా పోగులు రాలకుండా శుభ్రంగా వచ్చింది. ఆ మూడు ముక్కలూ, పనికిరానివి రెండూ పనికొచ్చినది ఒకటీ, పోర్ట్‌ఫోలియోలో (తన పనిని చూపించే పుస్తకంలో) ఒకే పేజీలో పక్కపక్కనే అంటించి ఉన్నాయి. నేను చూసిన పేజీలన్నిటిలో అదే మంచి పేజీ.

ఆ ఒక్క గట్టునుంచే ఎనిమిది దుస్తులు పుట్టాయి. ఒక కుర్తాలో గట్టు భుజం నుంచి నిలువుగా దిగింది, ఇంకోదానిలో అడ్డంగా ఒంటి చుట్టూ తిరిగింది, ప్యాంటులో మోకాలి దగ్గర వంగింది, చీరలో కుచ్చిళ్లలో దాక్కొని కొంగులో మాత్రం బయటపడింది. మడుల్లాగే ముక్కలన్నీ కొలత సరిపోని చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు. ఒక్క పువ్వు లేదు, ఒక్క అద్దం లేదు, అచ్చు బొమ్మ లేదు. ఉప్పు కొటార్ల పేరు చెప్పకుండా చూపించినా వరుస మొత్తం ఒకే చోటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. పైపై అలంకారానికీ కాన్సెప్టుకూ తేడా ఏమిటో ఏ ఉపన్యాసం ద్వారానూ నాకు ఇంత బాగా అర్థమయ్యేది కాదు. ఈ రెండో, మూడో నెలల పాఠం కోసమే అయినా కట్టిన ఫీజు గిట్టుబాటు అయిందని చెబుతాను.

చేనేతల గురించిన పాఠాలు ఇంకా నాలుగు ఉండవలసింది. 2022లో జిల్లాలు విడగొట్టాక వెంకటగిరి తిరుపతి జిల్లాకూ, చీరాల బాపట్ల జిల్లాకూ పోయాయి గాని, గుడ్డ బేరం చేసేవారి లెక్కలో అవి ఇప్పటికీ నెల్లూరు, ప్రకాశం సరుకే. వెంకటగిరి జాందానీలో బుటాను నేతగాడు మగ్గం మీదే, అదనపు పోగులను చేత్తో ఇరికిస్తూ నేస్తాడు కనుక వెనక వైపు పోగులు వేలాడవు. బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కనుక ఆ గుడ్డతో లైనింగు లేకుండా, వెనక వైపు మడిచి బయటికి చూపించే కాలరు, కఫ్ వేయవచ్చు. మిల్లులో యంత్రం మీద నేసిన జకార్డు బుటాతో అది కుదరదు. ఈ సంగతి నేత ఇంటి అబ్బాయి చెబితే అందరం గుడ్డ తిప్పి చూశాం. చీరాల తేలియా రుమాలు మరో రకం పాఠం. నూలును నూనెతో పదును చేసి, నేయకముందే పడుగు, పేక రెండిటికీ చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారం గట్టిగా చుట్టి) రంగు వేస్తారు. నాలుగు వైపులా అంచు, మధ్యలో గళ్లు, చదరంగా ముగిసిపోయే గుడ్డ అది. దానికి కత్తెర పెడితే సగం అందం పోతుంది. అందుకని కత్తెర పెట్టకుండా రుమాళ్లను కలిపి మాత్రమే ఒక పైవస్త్రం తయారుచేయమని ఇచ్చిన అభ్యాసం చాలా బాగుంది.

కాని వెంకటగిరికి తీసుకువెళ్లింది ఒక్క పూటకు. ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉన్న ఊరికి పోయి, దాని గేటు ముందు నుంచే వెనక్కి రావడం అన్యాయం. బుటా ఎక్కడ రావాలో కుర్తా ప్యాట్రన్ మీద గుర్తుపెట్టి, దాన్ని గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి నేతగాడికి ఇచ్చే పద్ధతి మాకు నోటిమాటగానే చెప్పారు. గ్రాఫు చేతపట్టి ఒక నేతగాడితో కూర్చునే అవకాశం ఇచ్చి ఉంటే, డిజైనరుకూ మగ్గానికీ మధ్య ఉన్న దూరం ఎంతో తెలిసేది.

బొమ్మలు గీయడం గురించి ఎక్కువ చెప్పను, అది అందరూ నేర్పేదే. మనిషి ఎత్తు తల కొలతకు సుమారు ఏడున్నర రెట్లు ఉంటే ఫ్యాషన్ బొమ్మను తొమ్మిది, పది తలల ఎత్తున గీస్తారు. ఆ సాగదీత చూపుకు బాగుంటుంది, కుట్టేవాడికి పనికిరాదు. అందుకే ప్రతి దుస్తుకూ మనిషి లేకుండా బల్ల మీద పరచినట్టు ముందు వైపు, వెనక వైపు విడిగా గీసే ఫ్లాట్ డ్రాయింగుకు ఇక్కడ ఎక్కువ మార్కులు. కుట్టు ఎక్కడ, జిప్పు ఎక్కడ, కుట్టుకు వదిలే మార్జిను ఎంత అన్నవి అందులో కనిపించాలి. మా మాస్టరు జీవితంలో మనిషి బొమ్మ గీయలేదు గాని ఫ్లాట్లలో అందరికంటే ముందున్నారు. ఆ ఫ్లాట్లు, కొలతల పట్టిక, గుడ్డ ముక్క, బొత్తాల వివరం అన్నీ కలిపిన టెక్‌ప్యాక్ తయారీ కూడా మంచి క్రమంలో నేర్పారు. ఒకరి టెక్‌ప్యాక్ ఇంకొకరికి ఇచ్చి, నోరు విప్పకుండా, దాన్ని చూసి మాత్రమే గాడా గుడ్డతో (నమూనాలకు వాడే ముతక నూలు గుడ్డతో) కుట్టించడం గొప్ప పరీక్ష. ముందు మెడ లోతు రాసి వెనక మెడ లోతు మరిచిపోయినవారి నమూనాలు ఎలా వచ్చాయో ఊహించుకోవచ్చు.

ఇక కోర్సు పేరులో రెండో సగమైన ప్రెజెంటేషన్ దగ్గరికి వస్తే నా మాట మారుతుంది. అయిదో నెలలో ఒక చట్రం ఇస్తారు: మొదట థీము, తర్వాత మూడ్, రంగులు, కొనే మనిషి ఎవరు, బొమ్మలు, ఫ్లాట్లు, చివర గుడ్డ. పన్నెండు మందీ అదే వరుసలో, అదే తరహా స్లైడులతో, ఇంగ్లీషులో, పరిశీలకుల ముందు పది నిమిషాలు మాట్లాడాలి. గుడ్డను ముందు పెట్టి నేర్పిన కోర్సు చెప్పుకునే వేళకు గుడ్డను చివరికి నెట్టడం నాకు మింగుడుపడలేదు. ఉప్పు కొటార్ల అమ్మాయి ఆ గట్టు కుట్టు ముక్కను మొదటి నిమిషంలో ఎదుటివారి చేతిలో పెట్టి ఉంటే, తరువాత చెప్పవలసిన మాటలు సగం తగ్గేవి. ఆమె తొమ్మిదో నిమిషానికి గాని దాన్ని బయటకు తీయలేకపోయింది. అప్పటికి పరిశీలకుల్లో ఒకరు ఫోను చూసుకుంటున్నారు.

ప్రొజెక్టరు సంగతి మరీ విడ్డూరం. కాటన్ గుడ్డ మీద అద్దిన పాంటోన్ రంగు కార్డులు చేతికిచ్చి, ఎరుపు అంటే సరిపోదు, ఏ ఎరుపో నంబరుతో చెప్పాలని నెలల తరబడి నేర్పినవారు, పాత ప్రొజెక్టరుతో లేత పసుపు గోడ మీద మా రంగులు చూపించారు. వెలిసిన ఇటుక రంగు బిస్కెట్టు రంగైపోయింది. ట్యూబులైటు కింద ఒక రంగు, పగటి వెలుతురులో ఒక రంగు కనిపించే గుడ్డలు ఉంటాయని నెల్లూరులో ఏ పట్టుచీరల కొట్టు కుర్రాడిని అడిగినా చెబుతాడు. అందుకే చీరను వీధి గుమ్మం దాకా తెచ్చి, "వెలుతుర్లో చూడండమ్మా" అంటాడు. ఆ మాత్రం ప్రెజెంటేషను కూడా ఇక్కడ లేదు.

అంతకంటే పెద్ద లోపం, ఎవరికి చెబుతున్నామన్నదాన్ని పట్టించుకోకపోవడం. కొనే మనిషిని గురించిన స్లైడులో అందరూ ఇరవై ఎనిమిదేళ్ల నగరపు ఉద్యోగిని ఫోటో పెట్టారు, ఆమెకు కాఫీ, ప్రయాణాలు ఇష్టమని రాశారు. మా దుకాణాలకు వచ్చేది పెళ్లికూతురు ఒక్కతే కాదు. ఆమె వెంట అమ్మ, మేనత్త, కాబోయే ఆడబిడ్డ వస్తారు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు. అమ్మాయికి మెడ లోతు ఎక్కువ కావాలి, మేనత్తకు తక్కువ కావాలి, వాళ్లమ్మకు జరీ ఇంకొంచెం కనపడాలి. అయిదుగురు మాట్లాడుతుండగా మన కాన్సెప్టును కాపాడుకుంటూ, ఏ మార్పుకు ఒప్పుకోవచ్చో ఏ మార్పు చేస్తే వరుస మొత్తం చెడుతుందో మర్యాదగా తెలుగులో చెప్పగలగడమే మాకు కావలసిన ప్రెజెంటేషన్. పెద్ద కంపెనీకి వెళ్లేవారికి ఇంగ్లీషు స్లైడులు అవసరమే, దాన్ని కాదనను. కానీ పన్నెండు మందిలో అలా వెళ్లేవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారి కోసం ఒక్క ఆదివారమైనా కేటాయించి, ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టి అభ్యాసం చేయించవచ్చు. ఈ మాట మేడంతో అన్నాను, ఆలోచిస్తామన్నారు.

ధర లెక్క గురించి ఒక్క గంట కూడా సరిగ్గా చెప్పలేదు. ఎగుమతి కంపెనీల్లో పనిచేసివచ్చిన వ్యక్తి దగ్గర ఈ లోటు ఉంటుందని అనుకోలేదు. ఉదాహరణకు, కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కల) గౌను కత్తిరించేటప్పుడు గుడ్డ కలిసిరావడానికి ఒక కలీని నిటారుగా, పక్క కలీని తలకిందులుగా వేస్తాం. కానీ డిజైనులో నెమళ్లో, ఒకే దిశలో సాగే లతో ఉంటే అలా వేయకూడదు. వేస్తే సగం నెమళ్లు కాళ్లు పైకి పెట్టుకొని ఉంటాయి. అంటే అదే గౌనుకు గుడ్డ బాగా ఎక్కువ పడుతుంది. డిజైనరు కాగితం మీద నెమలిని గీసిన క్షణంలోనే ఖర్చు పెరిగిందన్నమాట. గుడ్డ పన్నా (వెడల్పు) ఎంత, లైనింగు ఎంత, మాస్టరు కూలి ఎంత, మగ్గం వర్కుకు పట్టే రోజులు ఎన్ని, చెడిపోయే గుడ్డకు ఎంత కలుపుకోవాలి, ఇవన్నీ కాన్సెప్టులో భాగమే గాని దాని తోక కాదు. దుకాణాలకు సరుకు వేయాలంటే ఫ్లాట్ బొమ్మ, సైజులు, ధర ఒకే పేజీలో ఉన్న లైన్‌షీటు ముందు అడుగుతారు. మాకు లైన్‌షీటు నమూనా చూపించారు, ధర గడి మాత్రం ఖాళీగా వదిలేయమన్నారు.

కాపీల మీద పెట్టిన ఒక్క పూట క్లాసు మాత్రం ఊహించనంత ఉపయోగంగా ఉంది. గీసిన బొమ్మ మీద కాపీరైటు మనకు ఉంటుంది గాని, రిజిస్టరు చేయించుకోగల డిజైనును చేయించుకోకుండా మనమో మన అనుమతితో ఇంకొకరో పారిశ్రామిక పద్ధతిలో దానితో 50కి మించి వస్తువులు తయారుచేస్తే, ఆ డిజైను మీద కాపీరైటు చెల్లదని 1957 నాటి కాపీరైటు చట్టం 15వ సెక్షను చెబుతుంది. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటే మొదట 10 ఏళ్లు, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. అయితే దరఖాస్తు పెట్టకముందే దాన్ని బయటపెడితే కొత్తదనం పోయినట్టే లెక్క. అంటే కుట్టిన రోజే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టే మన అలవాటు మన హక్కుకే ఎసరు పెడుతుంది. ఆ పూట మాట్లాడిన వకీలుగారు ఎవరినీ భయపెట్టలేదు, ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పారు.

కంప్యూటరు తరగతులు నామమాత్రం. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరైన ఇల్లస్ట్రేటరులో ఫ్లాట్లు గీయడం మొదలుపెట్టి సగంలో ఆపేశారు. ఆరు కంప్యూటర్లలో రెండు ఎప్పుడూ మూలుగుతూనే ఉంటాయి. ఆ పాఠం కోసం చేరవద్దు. గది విశాలంగా ఉంటుంది, కటింగు బల్లలు నిలబడి పనిచేయడానికి సరైన ఎత్తులో ఉన్నాయి, జుకీ మిషన్లు బాగా పనిచేస్తాయి, డ్రెస్ ఫారాలు (దుస్తులు తొడిగి చూసే బొమ్మలు) మాత్రం మూడే. వేసవిలో మధ్యాహ్నం పూట కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యాన్లకే సరిపోతుంది, మిషన్లు ఆగిపోతాయి. ఫీజు కాక పైఖర్చులు ఉన్నాయని ముందే చెప్పి ఉంటే బాగుండేది: గుడ్డలు, గాడా, రంగులు, బోర్డు ప్రింట్లు, చివరి రెండు దుస్తుల సరుకు అన్నీ కలిపి ఫీజులో సగం దాకా అయింది. పెద్ద సైజు ప్రింట్లు కేంద్రం వారు చెప్పిన షాపులోనే తీయించాలన్న పట్టుదల ఎందుకో అర్థం కాలేదు. ట్రంకు రోడ్డులో తక్కువకే చేస్తారు.

నిఫ్ట్ ప్రవేశ పరీక్షకు తయారయ్యే పిల్లలు ఇక్కడ చేరితే ప్రయోజనం కొంతే. ఆ పరీక్షల తీరు వేరు, దానికి ఇక్కడ అభ్యాసం చేయించరు. కుట్టు రానివారు ముందు కనీసం కొన్ని నెలలు ఎక్కడైనా మిషన్ మీద కూర్చొని వస్తే తమకూ మేలు, పక్కవారికీ మేలు. చేయి తిరిగిన దర్జీలు, సొంత బొటిక్‌ల వారు, నేత ఇళ్ల పిల్లలు మాత్రం సందేహించకుండా చేరవచ్చు. ఒంగోలు నుంచి రోజూ వచ్చిపోవడం కష్టమే గాని, శని, ఆదివారాలే కనుక రైలు వేళలు చూసుకుంటే కుదురుతుంది. మా బ్యాచిలో ఒకరు అలాగే వచ్చి పూర్తి చేశారు.

తరువాతి బ్యాచి సంక్రాంతి తర్వాత మొదలవుతుందని చెప్పారు. చేరదలచినవారు డబ్బు కట్టే ముందు పాత విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు రెండు మూడు చూపించమని అడగాలి. రంగుల బొమ్మల పేజీలు దాటేసి, నమూనా ముక్కలు అంటించిన పేజీల దగ్గర ఆగి, చెడిపోయిన ముక్కలను కూడా ఉంచారో లేదో చూడాలి. ఆ తర్వాత ధర లెక్క పేజీ ఎక్కడుందని అడగాలి. మా బ్యాచి పోర్ట్‌ఫోలియోల్లో ఆ పేజీ లేదు. వచ్చే బ్యాచి నుంచి పెడతామని చివరి రోజున మేడం అందరి ముందూ మాట ఇచ్చారు.